సిరిసిల్ల సాంచల మీద ర్యాప్ వీడియో, చేతిలో 45 వేలు: ప్లాన్ చూసి చెప్పండి

సాంచ_పోరడు (శుక్రవారం, రాత్రి 11:20)

అందరికీ నమస్తే. మాది సిరిసిల్ల. మా నాయిన ఇరవై ఏళ్లకు పైగా బట్ట నేసే సాంచల మీద పని చేస్తున్నాడు. నేను డిగ్రీ అయ్యాక మొబైల్ షాపులో చేరాను, రాత్రిళ్లు ర్యాప్ రాస్తాను. ఇప్పటికి మూడు పాటలు పెట్టాను. మూడూ వేరే ఊరివాళ్లు చేసినట్టు ఉన్నాయని నాకే అనిపించింది. ఈసారి మా ఊరి పాట, మా ఊరి మనుషులతో చేయాలని ఉంది. ఏడాదిన్నర దాచిన డబ్బు 45 వేలు ఉంది. అంతకు మించి ఒక్క రూపాయి లేదు.

నేను అనుకున్నది ఇది. సినిమా కెమెరా ఒక రోజు అద్దెకు 18 వేలు, డ్రోన్ 7 వేలు, ఇద్దరు డాన్సర్లకు 8 వేలు, కారు అద్దె 4 వేలు. ఒగ్గు కథ చెప్పే ఇద్దరు కళాకారులకు 3 వేలు, వాళ్లు నా వెనుక నిలబడి ఒగ్గు కొడతారు. మిగిలింది తిండికి, ఖర్చులకు. బీట్ యూట్యూబ్‌లో ఫ్రీ అని ఉన్నది దొరికింది. మల్లన్న పట్నం వేయించి దాని నడుమ నిలబడి పాడాలని ఉంది. లొకేషన్లు సాంచల షెడ్డు, మానేరు ఒడ్డు, వేములవాడ గుడి ముందు, వీలైతే రామప్ప కూడా.

హుక్, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క, ఇట్లా రాశాను:

గల్లీల పుట్టిన పులిని నేను, గర్జిస్తే అందరు గాయబు
నా రేంజే వేరు, నా క్రేజే వేరు, అడిగితే ఇదే జవాబు

తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఎడిటింగ్_రూమ్ (శుక్రవారం, రాత్రి 11:52)

తమ్ముడూ, ఏడాదిన్నర దాచిన డబ్బు అన్నావు కాబట్టి సూటిగానే చెప్తాను. నీ లెక్కలో 37 వేలు తెర మీద కనబడే హంగుకే పోతోంది. పాటకు ఏమీ మిగల్లేదు. మిక్సింగ్ ఎవరు చేస్తారు? గొంతు ఎక్కడ రికార్డు చేస్తావు? జనం ఈ వీడియోను ఫోన్ స్పీకర్‌లోనో ఇయర్‌ఫోన్స్‌లోనో వింటారు. బొమ్మ కాస్త అటూఇటూ ఉన్నా చూస్తారు. గొంతు స్పష్టంగా లేకపోతే పది సెకన్లలో దాటేస్తారు. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో ప్రైవేట్ ఆల్బమ్‌లు ఎడిట్ చేస్తున్నాను, ఇందులో నాకు అనుమానం లేదు.

పెద్ద సినిమా కెమెరా వద్దు. దాన్ని ఆపరేట్ చేసే మనిషి, లైట్లు, బ్యాటరీలు, ఫైళ్లు దింపడానికి హార్డ్ డిస్కులు, అన్నీ దాని వెంటే వస్తాయి. 18 వేలు అన్నది 30 అవుతుంది. మామూలు మిర్రర్‌లెస్ కెమెరా, ఒక వైడ్ లెన్స్, ఒక 50 ఎంఎం లెన్స్ చాలు. అవీ వద్దనుకుంటే మంచి ఫోన్, బొమ్మ ఊగకుండా పట్టే చిన్న గింబల్.

రామప్ప ఆలోచన వదిలెయ్. 2021లో యునెస్కో జాబితాలో చేరిన గుడి అది, పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ షూటింగ్‌కు దరఖాస్తు, ఫీజు, ఎదురుచూపు. పైగా నీ పాటకు రామప్పకు సంబంధం ఏమిటి?

బీట్_బండి (శనివారం, ఉదయం 7:15)

కరీంనగర్ నుంచి. ఫ్రీ అని రాసిన బీట్లతో జాగ్రత్త. వివరణలో కింద చూడు, లాభం కోసం కాని వాడకానికే ఫ్రీ అని ఉంటుంది. డబ్బు కట్టి లీజుకు తీసుకున్నా అదే బీట్ ఇంకో వంద మందికి అమ్ముతారు. అందులో ఒకడు తన పాటను కంటెంట్ ఐడీలో, అంటే ఎవరి పాట ఎక్కడ వాడారో యూట్యూబ్ పట్టుకునే వ్యవస్థలో వేస్తే నీ వీడియో మీద క్లెయిమ్ పడుతుంది. నాకు తెలిసిన ఒకతని మొదటి పాటకు అదే జరిగింది. నాలుగు నెలలు తిరిగాడు.

అసలు నాకు అర్థం కానిది ఒక్కటే. సాంచల మధ్య పుట్టినవాడివి, బీట్ కోసం యూట్యూబ్‌కు ఎందుకు పోతున్నావు? మీ ఇంట్లో పొద్దస్తమానం మోగేది బీట్ కాక మరేమిటి? ఒక్క సాంచ పక్కన ఫోన్ పెట్టి ఒక నిమిషం రికార్డు చెయ్. దారం మోసే నాడె ఎన్నిసార్లు అటూ ఇటూ పోయిందో లెక్కపెట్టి ఇక్కడ రాయి.

సాంచ_పోరడు (శనివారం, రాత్రి 9:40)

లెక్కపెట్టాను అన్నా. మొదటిసారి 131, రెండోసారి 132.

బీట్_బండి (శనివారం, రాత్రి 9:48)

132 బీపీఎం, అంటే నిమిషానికి 132 దెబ్బలు! ర్యాప్‌కు ఇంతకన్నా మంచి టెంపో ఏం కావాలి? మొత్తం వేగం మీద పాడితే ఉరుకులు, సగానికి తీసి 66 మీద పాడితే బరువు. రెండూ ఒకే పాటలో పెట్టుకోవచ్చు. చరణం సగం వేగంలో, హుక్ పూర్తి వేగంలో. ఈ బీట్ మీద ఎవడూ క్లెయిమ్ వేయలేడు.

రికార్డింగ్‌కు ఒక మాట. షెడ్డు మొత్తం నడుస్తుంటే పనికిరాదు, అన్ని సాంచలూ ఒకదాని మీద ఒకటి పడి హోరు మాత్రమే వస్తుంది. తిండి టైముకు మిగతావి ఆపి ఒక్కటే నడపమని సాంచలు నడిపించే ఆసామిని అడుగు. ఐదు నిమిషాలు చాలు. తర్వాత ఆ ఒక్కదాన్నే ఆపించి, మళ్లీ స్టార్ట్ చేయించి, ఆ మొదలయ్యే సద్దు, ఆగిపోయే సద్దు కూడా విడిగా తీసుకో. దారం తెగినప్పుడు ఆగే సద్దు దొరికితే ఇంకా మంచిది.

డోలు_దెబ్బ (ఆదివారం, ఉదయం 6:05)

తమ్మీ, మాది కురుమ ఇల్లు, తాతల నుంచి ఒగ్గు చెప్పేవాళ్లం. మీ మాటలన్నీ చదివాను. నాకు కొంచెం బాధ కలిగింది, అందుకే రాస్తున్నా. కోపంతో కాదు.

నువ్వు 'వెనుక నిలబడి ఒగ్గు కొడతారు' అన్నావు. ఒగ్గు అంటే చిన్న డమరుకం, శివుని చేతిలో ఉండేది. దాన్ని జగ్గు అని కూడా అంటాం. నువ్వు మనసులో అనుకుంటున్న ఆ పెద్ద మోత డోలుది. డోలు, తాళాలు, ఊదే నఫీర, కంజీర ఉంటాయి. ప్రధాన కథకుడు కథ ఎత్తుకుంటే పక్కవాళ్లు వంత అందుకుంటారు. ఒక్క మనిషే రాజు అవుతాడు, రాణి అవుతాడు, గొర్ల కాపరి అవుతాడు. అట్లాంటి మనిషిని నీ వెనుక గోడలాగా నిలబెడితే ఆయనకు ఏం దక్కింది, నీకు ఏం దక్కింది?

ఇక పట్నం. పట్నం అంటే ముగ్గు కాదు. మల్లన్నకు, బీరప్పకు, ఎల్లమ్మకు మొక్కుకున్న ఇంట్లో, ఉపవాసం ఉండి, పసుపు, కుంకుమ, రంగు పొడులతో వేసి, పూజ చేసి, తర్వాత మేమే తొక్కుతాం. కొమురవెల్లిలో శివరాత్రి నాడు వేసే పెద్దపట్నం చూడు, దాని చుట్టూ ఎంతమంది ఎట్లా నిలబడతారో తెలుస్తుంది. దాని నడుమ బూట్లు వేసుకుని పాడే వీడియో బయటికొస్తే మా పెద్దమనుషులు నీతో మాట్లాడరు, నాతో కూడా మాట్లాడరు. దయచేసి అది వద్దు.

డోలు విన్యాసం వేరు. అది వేదికల మీద, ఊరేగింపుల్లో చేస్తాం. నీ పాటలో దాన్ని సంతోషంగా వాడుకో. కానీ ఇద్దరితో డోలు నిండదు. కనీసం ఆరుగురు కావాలి. మిద్దె రాములు గారి హన్మాజీపేట మీకు దగ్గరే కదా, వేములవాడ పక్కన. జనగామ దిక్కు మాణిక్యాపురంలో చుక్క సత్తయ్య గారు. అట్లాంటి వాళ్లు ఈ కళను ఊరి చావడి నుంచి పెద్ద వేదికల దాకా మోసుకుపోయారు. నీ పాటకు డోలు కావాలంటే ముందు ఒక రాత్రి కూర్చుని కథ పూర్తిగా విను.

కృష్ణా_తీరం (ఆదివారం, ఉదయం 9:30)

హన్మాజీపేట అంటే సి. నారాయణ రెడ్డి గారి ఊరే కదండీ? 1988 జ్ఞానపీఠం ఆయనది. ఒగ్గు కథకుడు, కవి ఒకే చిన్న ఊరి నుంచి! ఆ నేల పక్కన ఉండి పులి, గర్జన అని రాయడం నాకూ నచ్చలేదు తమ్ముడు. ఆ రెండు లైన్లు మా విజయవాడ కుర్రాడు రాసినా అవే ఉంటాయి.

ఇంకొకటి, తెలియక అడుగుతున్నాను. సాంచ అంటే మరమగ్గమా?

సాంచ_పోరడు (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

అవునండీ. మరమగ్గం అని పేపర్‌లో రాస్తారు, మేం సాంచ అంటాం. నాడె అంటే అటూ ఇటూ దారం మోసుకుపోయేది. కండె అంటే నాడెలో పెట్టే దారం చుట్టిన పుల్ల. ఆసామి అంటే సేటు దగ్గర నూలు తెచ్చుకుని సాంచలు నడిపించేవాడు.

డోలు అన్నా, తప్పయింది. నిజంగా నాకు తెలియదు. చిన్నప్పుడు కొమురవెల్లి పోయినప్పుడు చూసిందే, ఎవరినీ అడగలేదు. పట్నం ప్లాన్ తీసేశాను. మీ వాళ్లతో మాట్లాడొచ్చా?

డోలు_దెబ్బ (ఆదివారం, మధ్యాహ్నం 1:25)

తప్పు ఏమీ లేదు, అడిగావు కదా. మా మేనమామ బృందం ఉంది. మాట్లాడి పెడతా.

భివండి_బిడ్డ (ఆదివారం, రాత్రి 10:15)

మాది కూడా సిరిసిల్లనే, కానీ పుట్టింది మహారాష్ట్రలోని భివండిలో. మా తాత పని కోసం వచ్చి పద్మానగర్‌లో ఉండిపోయాడు. ఇక్కడ గల్లీలో నడిస్తే సగం మంది తెలుగే మాట్లాడతారు. సోలాపూర్‌లో, సూరత్‌లో కూడా మనవాళ్లు ఇట్లనే ఉన్నారు. మీ షెడ్డు సద్దు వింటే మా ఇల్లే గుర్తొస్తుంది.

ఒక్క మాట మనసులోది చెప్తా. సిరిసిల్ల అనగానే కెమెరా పట్టుకుని వచ్చేవాళ్లకు ఉరితాడు, అప్పు, ఏడ్చే ఆడమనిషి కావాలి. అవి అబద్ధం అని నేను అనను, మా చుట్టాల ఇంట్లోనే జరిగింది. దాచమని కూడా చెప్పను. కానీ నాలుగు నిమిషాలూ అదే పెడితే, ఎనిమిది సాంచలను ఒక్కడే చూసుకుంటూ, తెగిన దారం కన్ను మూసి తెరిచేలోపు ముడివేసే మీ నాయిన పనితనం ఎవరు చూపిస్తారు? ఆ వేళ్లు చూపించు. దుఃఖం ఒక్క లైన్‌లో చెప్పు, ఆ లైన్ దగ్గర సాంచ ఆపెయ్.

ఇంకోటి, నీకు నచ్చితేనే. పద్మానగర్‌లో మా షెడ్డు ముందు ఒక షాట్ తీసి పంపిస్తా. మీ షాట్ ఎట్లా ఉంటుందో చెప్పు, అదే ఫ్రేమ్‌లో తీస్తా. రూపాయి అక్కర్లేదు.

కండెలక్క (సోమవారం, రాత్రి 8:50)

ఇన్ని పోస్టులు వచ్చాయి, సాంచల ఊరి పాటలో ఆడవాళ్లు ఎక్కడున్నారని ఒక్కరూ అడగలేదు. 8 వేలు పెట్టి బయటి నుంచి ఇద్దరు డాన్సర్లు, అంతే.

మా అమ్మ కండెలు చుడుతుంది. పిన్ని బీడీలు చేస్తుంది. నేను కూడా చాట ముందర పెట్టుకుని బీడీలు చేస్తూనే డిగ్రీ చదివాను. సిరిసిల్లలో మగవాళ్లు సాంచల మీద ఉంటే ఇల్లు నడిచేది ఎక్కువగా బీడీల మీద. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, నలుగురు కూర్చుంటే ఆ చేతులకు కూడా ఒక తాళం ఉంటుంది. కండెల చరఖా సద్దు సాంచ సద్దుకన్నా సన్నగా ఉంటుంది, అది కూడా రికార్డు చేసుకో.

డాన్సర్లు వద్దు. మా వాడలో నలుగురు ఆడవాళ్లను అడుగుతా, కానీ కొన్ని మాటలు ముందే అనుకోవాలి. ఆ రోజు వాళ్ల పని పోతుంది, వెయ్యి బీడీలు చేస్తే వచ్చేదానికి తక్కువ కాకుండా ఇవ్వు. షూటింగ్ అని ఒక రోజు ముందు చెప్పు, వాళ్లకు నచ్చిన చీర కట్టుకుంటారు. సహజంగా ఉంటుందని పాత చీర కట్టుకు రమ్మని మాత్రం అనకు. ఒకసారి ఎవరో డాక్యుమెంటరీ తీస్తామని వచ్చి మా అమ్మను చిరిగిన చీర కట్టుకోమన్నారు. ఆ రోజు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

హుక్‌లో ఆడగొంతులు పెడితే బాగుంటుంది. బతుకమ్మ దగ్గర ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు కదా, అట్లా. నువ్వు ఒక లైన్ అను, వాళ్లు తిరిగి అంటారు.

సాంచ_పోరడు (సోమవారం, రాత్రి 11:30)

అక్కా, చదువుతుంటే సిగ్గేసింది. మా అమ్మ కూడా కండెలు చుడుతుంది. నా పాటలో ఆమె లేదు.

పులి లైన్లు కొట్టేశాను. నిన్న రాత్రి కరెంటు పోయి సాంచలన్నీ ఒక్కసారిగా ఆగాయి. మా వాడలో అందరికీ మెలకువ వచ్చింది. సద్దుకు కాదు, సద్దు ఆగినందుకు. అప్పుడు ఇది రాశాను:

సాంచ నడిస్తే నిద్ర పడతది, సాంచ ఆగితే మెలకువైతది
సద్దు లేని రాత్రి వచ్చిందంటే ఇంటి ఆకలి ఎరుకైతది

కృష్ణా_తీరం (మంగళవారం, ఉదయం 6:40)

ఇదీ పాట! రెండుసార్లు చదివాను. మా ఊళ్లో ఉండి ఇది ఎవరూ రాయలేరు.

బీట్_బండి (మంగళవారం, ఉదయం 8:00)

ఒళ్లు జలదరించింది తమ్ముడూ. 'మెలకువైతది' తర్వాత రెండు బార్లు బీట్ మొత్తం ఆపేద్దాం. వేరే ఏ సద్దూ ఉండదు. అక్కడ కండెల చరఖా ఒక్కటే సన్నగా వినబడాలి. కండెలక్క చెప్పిన మాట అక్కడ సరిగ్గా కూర్చుంటుంది.

డోలు గురించి ఒక చిక్కు ఉంది, ఇప్పుడే తేల్చుకోవాలి. డోలు దరువు ఎక్కువగా మూడు మూడుగా నడుస్తుంది, తిశ్రం. నువ్వు రాసేది నాలుగు నాలుగుగా. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే స్టూడియోలో గొడవ పడతాయి. చాలామంది ఏం చేస్తారంటే డోలును కంప్యూటర్‌లో ముక్కలు చేసి నాలుగులోకి గుంజుతారు. అప్పుడు డోలు నడక చచ్చిపోతుంది, ఉత్త మోత మిగులుతుంది. దానికన్నా నువ్వే మూడులోకి రా. సాంచ ఒక్క దెబ్బకు మూడు అక్షరాలు. 'సాంచ నడిస్తే' అన్నది పలికి చూడు, ఎక్కడ సాగుతుంది, ఎక్కడ తూగుతుంది. చప్పట్లు కొడుతూ రోజుకు అరగంట సాధన చెయ్. మొదట నాలుక తిరగదు, వారానికి అలవాటవుతుంది.

డోలు రికార్డింగ్ టైల్స్ వేసిన గదిలో పెట్టుకోవద్దు, ప్రతిధ్వని పాడుచేస్తుంది. బడి ఆవరణో, చెట్టు కిందో, గాలి తక్కువ ఉండే పొద్దుటి పూట. మైకును డోలుకు ఆరేడు అడుగుల దూరంలో పెట్టి, లెవెల్ బాగా తగ్గించు. డోలు దెబ్బ ఒక్కసారిగా లేస్తుంది, ముందు తగ్గించుకోకపోతే చిరిగిపోతుంది. ముందు అందరూ కలిసి కొట్టింది తీసుకుని, తర్వాత ఒక్కొక్కరిని విడిగా తీసుకో. నఫీర మాత్రం చివర్లో, అది దేన్నైనా మింగేస్తుంది.

న్యాయవాది_హన్మకొండ (మంగళవారం, రాత్రి 9:20)

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. పాత క్యాసెట్‌లోదో, వేరే వాళ్ల వీడియోలోదో డోలు ముక్క తీసి వాడుకోవాలని ఎప్పుడైనా అనిపిస్తే ఆగండి. దరువు తరతరాలది కావచ్చు, దాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరు. కానీ ఆ రికార్డింగ్‌కు యజమాని ఉంటాడు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు. సాహిత్యానికి, సంగీతానికి అయితే రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు.

అదే చట్టంలో ప్రదర్శకుడికి కూడా హక్కు ఉంది, 50 ఏళ్లు. ఒగ్గు బృందం మీ కోసం వాయించినా ఆ ప్రదర్శన మీద వాళ్లకు హక్కు ఉంటుంది. కాబట్టి ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాసుకోండి. ఎవరెవరు వాయించారు, ఎంత ఇచ్చారు, ఎక్కడెక్కడ వాడతారు, పాట మీద ఆదాయం వస్తే వాళ్ల వాటా ఎంత. సంతకానికి ముందు గట్టిగా చదివి వినిపించండి. పెద్దవాళ్లలో చదువురానివాళ్లు ఉంటారు, వాళ్లు అడగడానికి మొహమాటపడతారు. ఆడవాళ్ల విషయంలోనూ ఇంతే. రెండు కాపీలు తీసి ఒకటి వాళ్ల చేతికి ఇవ్వండి.

డ్రోన్ తీసేశారా లేదా? ఎగరేసేట్టయితే 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ప్రాంతం ఏ జోన్‌లో ఉందో చూడాలి. వేములవాడ గుడి ముందు షూటింగ్ అయితే దేవస్థానం అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

సాంచ_పోరడు (మంగళవారం, రాత్రి 10:05)

డ్రోన్ లేదు, కారు లేదు, గుడి లేదు. పాట గుడి గురించి కాదు కదా. షెడ్డు, మా వాడ, మానేరు, అంతే.

కొత్త లెక్క రాశాను. డోలు అన్న వాళ్ల మామతో మాట్లాడాడు. ఆరుగురికి మనిషికి 2,500 చొప్పున 15 వేలు, రానుపోను బండికి 2 వేలు. రికార్డింగ్, మిక్సింగ్, మాస్టరింగ్ కలిపి 9 వేలు. కెమెరా, లెన్సులు, గింబల్ రోజున్నరకు 5 వేలు. తిండి 4 వేలు. సాంచలు ఆపినందుకు ఆసామికి 3 వేలు. నలుగురు ఆడవాళ్లకు 500 చొప్పున 2 వేలు. మొత్తం 40 వేలు. 5 వేలు పక్కన పెట్టాను, అనుకోని ఖర్చుకు.

డోలు_దెబ్బ (మంగళవారం, రాత్రి 10:30)

సగం అడ్వాన్స్ ముందు రోజే ఇవ్వు. మావాళ్లు అడగరు, కానీ ఆ నమ్మకం వాయింపులో కనిపిస్తుంది. తేదీ కార్తీకంలో పెట్టుకో. మార్గశిరంలో కొమురవెల్లి కల్యాణం, సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర, అప్పుడు ఎంత ఇచ్చినా దొరకరు. ఆదివారం కూడా వద్దు, అది మల్లన్న వారం.

ఎడిటింగ్_రూమ్ (బుధవారం, రాత్రి 12:10)

ఈ లెక్క చూశాక మనసు కుదుటపడింది. ఎడిటింగ్, కలర్ నేను చేసిపెడతాను, డబ్బు వద్దు. బదులుగా నేను చెప్పినట్టు షూట్ చేసి తీసుకురా.

షెడ్డులో ట్యూబ్‌లైట్లు ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి ఫోన్‌లో అయినా కెమెరాలో అయినా 25 ఫ్రేములు, షట్టర్ 50లో ఒకటి లేదా 100లో ఒకటి పెట్టు. వేరేది పెడితే బొమ్మంతా చారలు కొట్టుకుంటుంది, దాన్ని ఎడిటింగ్‌లో తీయలేం. నూలు నూగు లెన్స్ మీద చేరుతుంది, ప్రతి పది నిమిషాలకు మెత్తని బ్రష్‌తో తుడవాలి. షెడ్డు లోపల లెన్స్ మార్చకు.

సాంచలు నడుస్తుంటే స్పీకర్‌లో పాట నీకు వినపడదు. కెమెరాకు కనబడని చెవిలో వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకో, ఫోన్ జేబులో ఉండాలి. ప్రతి టేక్ మొదట్లో కెమెరా ముందు చెయ్యి పైకెత్తి పాటలో మొదటి దెబ్బ పడగానే చప్పట్లు కొట్టు. ఆ గోలలో చప్పుడు దొరకకపోయినా బొమ్మ చూసి కలుపుకుంటాను.

మానేరు ఒడ్డున ఒక పని చెయ్. పాటను 1.2 వేగంతో ప్లే చేసి దానికి పెదాలు కలుపు, కెమెరా 30 ఫ్రేముల్లో ఉండాలి. నేను 25కు దింపితే పెదాలు అసలు పాటకు సరిగ్గా పడతాయి, కానీ బట్టలు, జుట్టు, నీళ్లు కొంచెం బరువుగా కదులుతాయి. ఎంతో ఖర్చు పెట్టినట్టు కనిపిస్తుంది, అయ్యే ఖర్చు సున్నా. సాధన మాత్రం కావాలి, ఆ వేగంలో ర్యాప్ చేయడం తేలిక కాదు.

మాటలు అర్థం కావేమోనని మన విజయవాడ మిత్రుడు అడిగాడు కదా, దానికి సబ్‌టైటిల్‌లో వివరణలు పెట్టవద్దు. 'నాడె' అన్న మాట వచ్చినప్పుడు నాడె కనబడాలి. 'కండె' అన్నప్పుడు మీ అమ్మ చేతిలో కండె. చూసేవాళ్లు రెండోసారికి నేర్చుకుంటారు. ఏ మాట దగ్గర ఏ షాట్ అన్నది పాట కాగితం మీద పక్కన రాసుకుని తీసుకుపో.

భివండి_బిడ్డ (బుధవారం, ఉదయం 7:45)

అందరూ కెమెరా గురించి చెప్పారు, ప్రాణం గురించి ఎవరూ చెప్పలేదు. నాడె ఒక్కోసారి ఎగిరి బయటికొస్తుంది. సాంచకు పక్క వైపు, అంటే నాడె వచ్చిపోయే దారికి ఎదురుగా ఎవరినీ నిలబెట్టకండి, కెమెరా మనిషిని కూడా. ముందు నుంచో వెనుక నుంచో తీయండి. బెల్టుల దగ్గర కండువా, కొంగు, మెడలో వేలాడే గొలుసులు వద్దు. డోలు బృందాన్ని నడిచే సాంచల మధ్యకు తేవద్దు. వాళ్లు నడవాలి, తిరగాలి. వాళ్లను వాడలో పెట్టు.

కండెలక్క (బుధవారం, రాత్రి 9:00)

నలుగురూ ఒప్పుకున్నారు. మా పిన్ని ఒక్కటే అడిగింది, పాట చివర మా పేర్లు వేస్తారా అని.

సాంచ_పోరడు (బుధవారం, రాత్రి 9:12)

వేస్తాం అక్కా. నా పేరు అందరికన్నా కింద. డోలు బృందం ఆరుగురు, ఆడవాళ్లు నలుగురు, ఆసామి, ఆ తర్వాత నేను. తెలుగులోనే, చదవడానికి టైము ఉండేట్టు నిదానంగా.

సాంచ_పోరడు (పదిహేను రోజుల తర్వాత, గురువారం, రాత్రి 11:05)

ఆలస్యానికి క్షమించండి. షూటింగ్ ఇంకా కాలేదు, వచ్చే గురువారం. కానీ సద్దులన్నీ రికార్డయ్యాయి.

డోలు బృందంతో పోయిన శనివారం రాత్రి మొత్తం కూర్చున్నాను. బీరప్ప కథ తెల్లారేదాకా విన్నాను. పొద్దున బడి ఆవరణలో వాయించారు. నేను మూడు నడకలో పాడుతుంటే పెద్దాయన డోలు ఆపి, నా లైన్ తిరిగి అన్నాడు, 'ఎరుకైతది' దగ్గర సాగదీసి. నేను రాసినదానికన్నా బాగుంది. ఆ గొంతునే పాటలో ఉంచేశాం. బీట్ అన్న కూడా అదే అన్నాడు. ఒప్పంద కాగితం చదివి వినిపించాను. ఆదాయంలో వాళ్లకు సగం అని రాసుకున్నాం.

సాంచ రికార్డింగ్ ఆసామి తిండి టైములో ఇచ్చాడు. బీట్ అన్న అందులోంచి చేసిన మొదటి మిక్స్ ఇవాళ వచ్చింది. ఇంట్లో వినిపించాను. అమ్మ ఏమీ అనలేదు, కండెల చరఖా వచ్చిన దగ్గర మాత్రం తల పైకెత్తింది. నాయిన కళ్లు మూసుకుని చివరిదాకా విని, "ఇది మూడో సాంచ కదా?" అన్నాడు. ఎట్లా తెలిసిందని అడిగాను. నాడెను కొట్టే దాని పికింగ్ కట్టె వదులైందట, నాడె అటు పోయేటప్పుడు దెబ్బ కొంచెం ఆలస్యంగా పడుతుందట. మళ్లీ పెట్టించుకుని విన్నాడు. రేపు షిఫ్టు ఎక్కగానే బిగిస్తానంటున్నాడు.

బీట్ అన్నా, ఆ వదులు దెబ్బే మనకు కావాలి. రేపు ఆయన బిగించకముందే పొద్దున్నే పోయి ఇంకో పది నిమిషాలు రికార్డు చేస్తాను. ఫోన్ సరిపోతుందా, లేక మీ రికార్డర్ బస్సులో పంపిస్తారా?